ఇంటి ప్రశ్న

మా బయాలజీ సారు హోంవర్కు ఇచ్చేవారు కాదు. ఆ సంగతి తెలిసి పక్క సెక్షన్ పిల్లలు మా మీద తెగ కుళ్ళుకునేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు! హోంవర్కైతే పక్కవాళ్ళ నోటుబుక్కు లాక్కుని, ప్రేయర్ బెల్లు కొట్టేలోపు గీకి పారెయ్యొచ్చు. మా సారు ఇచ్చేది ఇంటి ప్రశ్న. అది కాపీ కొట్టడానికి దొరకదు.

పద్ధతి ఇదీ. క్లాసులో విన్న పాఠాన్ని సాయంత్రం ఇంటికెళ్ళి, బడి మొహం చూడనివాళ్ళకి ఎవరికైనా చెప్పాలి. అమ్మో, నాయనమ్మో, గొర్రెలు కాసే బాబాయో, ఎవరైనా ఫరవాలేదు. విన్నవాళ్ళు ఏం అడిగారో దాన్ని వాళ్ళ మాటల్లోనే నోటుబుక్కులో రాయాలి. కింద వాళ్ళ పేరు రాయాలి. "ఏం అడగలేదు సార్" అంటే కుదరదు.

"అడగలేదంటే వాళ్ళకి అర్థం కాలేదన్నమాట. వాళ్ళకి అర్థం కాలేదంటే నీకూ కాలేదు. నీకు కాలేదంటే నేను చెప్పడంలో ఎక్కడో తప్పు పోయింది. మళ్ళీ మొదటినుంచి చెబుతా, అందరూ వినండి," అనేవారు సారు. అనడమే కాదు, నిజంగానే మొదటినుంచి చెప్పేవారు. క్లాసు మొత్తం ఆ ఖాళీ నోటుబుక్కువాడి వంక కొరకొరా చూసేది.

ఇది రెండు వేల నాలుగు నాటి మాట, గురజాలలో. సారు పేరు ఆరోగ్యస్వామి. మాకు మాత్రం స్వామి సారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతివేళ్ళకి ఎప్పుడూ సుద్దపొడి. బెత్తం పట్టుకోగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చూపు చాలు, అబద్ధం చెప్పేవాడికి నాలుక పిడచగట్టుకుపోయేది.

మా అమ్మ దీనమ్మ కూలికి పోయేది. మిరప సీజన్లో కల్లాల్లో కాయలకి తొడిమలు తీసే పని. బడి అయిపోగానే నేను సంచీ భుజాన వేసుకుని నేరుగా కల్లానికే వెళ్ళేదాన్ని. ఎర్రటి రాశి పక్కన కూర్చుని, తొడిమలు గిల్లుతూ అమ్మకి పాఠం చెప్పేదాన్ని. నా పాఠానికీ ఆమె ప్రశ్నకీ మధ్య ఇద్దరం కలిసి పదిసార్లన్నా తుమ్మేవాళ్ళం. పక్కనున్న ఆడవాళ్ళు, "ఏమే దీనమ్మా, నీ కూతురు నిన్ను టెన్తు పాస్ చేయించేట్టుందే," అని ఆటపట్టించేవాళ్ళు.

ఆకు ఎండతో ఆహారం తయారు చేసుకుంటుందన్న పాఠం చెప్పిన రోజు అమ్మ కాసేపు ఆలోచించి ఇలా అడిగింది.

"ఎండతో వండుకుంటదా? సరే. మరి మన రెంటచింతల ఎండకి చెట్టు ఇంకా బాగా వండుకోవాలిగా. మధ్యాన్నానికి ఆకులు అట్టా యేలాడేస్తయ్యేంది?"

మర్నాడు సారు ఆ ప్రశ్న చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'దీనమ్మ ప్రశ్న' అని రాశారు. "దీనికి సగం జవాబే నాకు తెలుసు. మూడు రోజులు టైమివ్వండి," అన్నారు. మూడు రోజుల తర్వాత వచ్చి, ఎండ మరీ మించితే ఆకు తన కిటికీలు మూసుకుని వంట ఆపేస్తుందని చెప్పారు. అసలు కణం లోపల వంట ఎలా ఆగుతుందో, మళ్ళీ ఎలా మొదలవుతుందో తను చదివిన పుస్తకాల్లో లేదని కూడా చెప్పారు. అమ్మకి ఆ జవాబు కన్నా బోర్డు మీద పేరు ముఖ్యమైంది. వారం రోజులపాటు, "ఎంత పెద్దగా రాశాడే మీ సారు?" అని చేతులు చాపి కొలత అడుగుతూనే ఉంది.

ఒక్కసారి మాత్రం నేను తప్పు చేశాను. ఆ రోజు కల్లానికి వెళ్ళడానికి బద్ధకించి, గైడులోంచి ఒక ప్రశ్న ఎత్తి రాసేశాను. 'మైటోకాండ్రియాకు రెండు పొరలు ఉండుట వలన ప్రయోజనమేమి? అడిగినవారు: దీనమ్మ.'

సారు చదివి, "మీ అమ్మ టీచర్ ట్రైనింగ్ ఎప్పుడు చేసిందమ్మా?" అన్నారు. క్లాసు గొల్లున నవ్వింది. బెల్లు కొట్టాక నన్ను ఆపారు. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. "అబద్ధం రాసినందుకు కాదు నాకు బాధ. ఆమె అడగాల్సింది ఏదో ఉండే ఉంటది. నీ మూలంగా అది అడక్కుండానే పోయింది," అన్నారు. నేను ఇంటికెళ్ళేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

సారుకి ఈ పద్ధతి ఎక్కడిదో నాకు టెన్తులో తెలిసింది. ఒకరోజు పుస్తకం తిరిగిచ్చేద్దామని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నాపరాళ్ళ అరుగు మీద సారు భార్య గ్రేసమ్మగారు కందులు చెరుగుతోంది. సారు ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని, మర్నాడు మాకు చెప్పబోయే పాఠం ఆమెకి చెబుతున్నారు. ఆవిడది బొల్లాపల్లి దగ్గర పల్లె. కూలి చేసుకునే ఇల్లు, అక్షరం ముక్క రాదు. సారుని మాత్రం చేట పక్కన పెట్టకుండానే నిలదీసేది.

"కాలా. మళ్ళీ చెప్పు," అంది.

సారు మళ్ళీ చెప్పారు. ఆవిడ విని, తన మాటల్లో తిరిగి అప్పజెప్పింది. ఒకచోట తప్పు పోతే సారు సరిదిద్దారు. ఇంకోచోట సారుదే తప్పని ఆవిడ వాదించింది. చివరికి ఆవిడే గెలిచింది. మర్నాడు క్లాసులో ఆ పాఠం ఆవిడ దిద్దిన రూపంలోనే వచ్చింది. అప్పటికి ఆ వరసన ఇరవై ఏళ్ళుగా సారు చెప్పే ప్రతి పాఠానికీ ఆవిడే మొదటి విద్యార్థి అని తెలిసి నాకు భలే ఆశ్చర్యమేసింది. ఆ అరుగు, ఆ చేట చప్పుడు, గచ్చు మీద ఆరుతున్న నీళ్ళ వాసన ఇప్పటికీ నాకు కళ్ళు మూసుకుంటే అందుతాయి. అంత హాయైన తరగతి గది నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ తర్వాత నేను చదువుల్లో పడి చాలా దూరం పోయాను. ఇప్పుడు హైదరాబాదులో ఒక ల్యాబులో పని. రొట్టె పొంగడానికి వేస్తారే, ఆ ఈస్ట్‌తో నా సావాసం. దాన్ని వేడి చేస్తాం, చల్లారుస్తాం, పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పుతాం. ఏది అడుగుకి దిగిందో, ఏది పైన నీళ్ళలో కరిగి ఉందో చూస్తాం. పదకొండేళ్ళుగా ఇదే వ్యవహారం. అక్కడ నన్ను అడిగే ప్రశ్నలు రెండే: ఏ జర్నల్లో వచ్చింది, ఎప్పుడు వస్తుంది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచి నా పాఠం వినేవాళ్ళు లేరు. ఒక్కోసారి మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఎండుమిరప ఘాటు గుర్తొచ్చి, తుమ్మొస్తుందేమో అని ఎదురుచూసేదాన్ని. రాదు మరి, అక్కడంతా ఏసీ.

పోయిన ఆగస్టులో ప్రదీప్ ఫోన్ చేశాడు. సారు వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. నరసరావుపేటలో ఇన్సూరెన్స్ ఆఫీసులో చేస్తాడు.

"అక్కా, నాన్న నిన్ను చూడాలంటన్నాడు. ఒకటే గొడవ."

"తప్పకుండా వస్తా. సారు ఎలా ఉన్నారు?"

ప్రదీప్ గొంతు తగ్గించి చెప్పాడు. సారుకి పది నెలల నుంచి మాట తడబడుతోంది. కుడిచెయ్యి సన్నబడింది. గుంటూరులో పెద్ద డాక్టరుకి చూపిస్తే కండల్ని కదిపే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బని తేల్చాడట.

"నాన్నకి చెప్పలా. అమ్మకైతే అసలే చెప్పలా. నరాల బలహీనత, టానిక్కులతో పోద్ది అన్నాం. అమ్మ తట్టుకోలేదక్కా. నువ్వు ఆ లైన్లోనే ఉన్నావంటగా. వచ్చినప్పుడు నువ్వూ అదే మాట చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు."

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. నేను పదకొండేళ్ళుగా తిప్పుతున్న గొట్టాల్లో ఉన్నది సరిగ్గా ఆ జబ్బుకి మూలమైన గొడవే. ఆ సంగతి ప్రదీప్‌కి పూర్తిగా తెలియదు. వాడి గొంతులో ఏడుపు వినబడుతుంటే కాదనలేక, "సరే" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది. అబద్ధం రాసినందుకు జీవితంలో ఒక్కసారే పట్టుబడ్డాను, ఆయన దగ్గరే. ఇప్పుడు మళ్ళీ ఆయన దగ్గరికే, ఈసారి ఆయన ప్రాణం గురించే ఒక అబద్ధం మోసుకుని బయల్దేరుతున్నాను.

శనివారం పొద్దున్నే బస్సెక్కాను. వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే ఎప్పటిలాగే కిటికీలోంచి తల బయటికి పెట్టాను. దాచేపల్లిలో బస్సు మారాను. దారి పొడుగునా పత్తి మోకాలెత్తు లేచి ఉంది. గురజాల బాగా మారిపోయింది. మా బడి గోడకి కొత్త రంగు, మెయిన్ రోడ్డు మీద సెల్‌ఫోన్ షాపులు. సారు ఇల్లు మాత్రం అలాగే ఉంది. అరుగు మీద నాపరాయి ఒకచోట పగిలి, సిమెంటు పూసి ఉంది. ఆ సిమెంటు మీద ఒకసారి చెయ్యి ఆనించి లోపలికి వెళ్ళాను.

సారు ముందుగదిలో చేతుల కుర్చీలో ఉన్నారు. తెల్లచొక్కాయే, కానీ ఆ చొక్కాలో మనిషి సగమే ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. బొటనవేలి దగ్గర కండ పూర్తిగా దిగిపోయింది. నన్ను చూడగానే కళ్ళు మెరిశాయి.

"ని... రో... షా," అన్నారు. మాట ముద్దగా, బరువుగా వచ్చింది.

గ్రేసమ్మగారు గ్యాస్ స్టవ్ అదే గదిలోకి తెచ్చి పెట్టుకుంది. ఆయన్ని ఒంటరిగా వదిలి వంటింట్లోకి పోవడం ఇష్టం లేక. గిన్నెలో రాగిజావ కాస్తూ తెడ్డుతో తిప్పుతూనే నన్ను పలకరించింది.

"రామ్మా నిరోషా. చిక్కిపోయావేంది? కూర్చో. ఇది వదిలి లేస్తే కుదరదు. చిన్న ఉండొచ్చినా ఈయనకి పొలమారతంది. నీళ్ళయినా అంతే. ఇట్టా సమంగా ఉంటేనే దిగతంది." తర్వాత తల తిప్పి నా మొహంలోకి చూసింది. "నువ్వు పెద్ద చదువు చదివావుగా. నరాల బలహీనతేగా ఇది? తగ్గుద్దిగా?"

అదిగో, వచ్చింది. నేను గచ్చు వంక చూస్తూ, "అవునమ్మగారూ. టైం పడుతుంది," అన్నాను.

తలెత్తేసరికి సారు నన్నే చూస్తున్నారు. కోపంగా కాదు. ఇరవై ఏళ్ళ కింద గైడు ప్రశ్న చదివినప్పటి చూపే. వచ్చినదారినే లేచి పారిపోదామా అనిపించింది.

"ఏం... చేస్తన్నావు... అక్కడ?" అన్నారు సారు.

"ఈస్ట్ మీద పని సార్. మెసెంజర్ ఆర్ఎన్ఏ."

"చెప్పు... పాఠం." ఎడంచేత్తో భార్యని చూపించారు. "ఆమెకి."

వేరే ఏ పాఠం చెప్పమన్నా చెబుదును. కానీ నాకొచ్చిన పాఠం అదొక్కటే. సరే, ఈస్ట్ దగ్గరే మొదలుపెట్టి ఈస్ట్ దగ్గరే ఆపేద్దాం, మనుషుల దాకా రానివ్వకూడదు అని గట్టిగా అనుకున్నాను. స్టూలు లాక్కుని గ్రేసమ్మగారి ఎదురుగా కూర్చున్నాను.

"ఒంట్లో కణాలుంటాయి కదమ్మగారూ, సారు చెప్పే ఉంటారు."

"చానాసార్లు. మొదట్లో గోడలో ఇటుకల మాదిరి అన్నాడు. ఇటుక్కి ప్రాణం ఉండదుగా అన్నా. అప్పట్నుంచి ఆ మాట మానుకున్నాడు."

సారు నవ్వబోయారు. నవ్వు దగ్గుగా మారింది. ఆమె ఒక చేత్తో తిప్పుతూనే రెండో చేత్తో ఆయన వీపు రాసింది.

"ప్రతి కణం మధ్యలో ఒక గది ఉంటుంది. అందులో పెద్ద పుస్తకం. ఏది ఎలా వండాలో అంతా అందులోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం గది దాటదు. వండేవాళ్ళేమో గది బయట. అందుకని కావలసినంతవరకే ఒక చీటీ మీద రాసి బయటికి పంపుతారు. ఆ చీటీనే మెసెంజర్ ఆర్ఎన్ఏ అంటాం. ఆ చీటీ చదివి వాళ్ళు వండే పదార్థమే ప్రోటీను. కండైనా, రక్తమైనా, ఇంకేదైనా దాంతోనే నడవాలి."

"ఎన్ని చీటీలుంటయ్?"

"ఒక్కో కణంలో వేలకు వేలు."

"మరి ఒకదాన్నొకటి అంటుకోవా?"

నాకు ఒళ్ళు పులకరించింది. నిజం చెబుతున్నాను, ఎవరి ఇంట్లో ఉన్నానో, ఎందుకొచ్చానో ఆ క్షణం పూర్తిగా మర్చిపోయాను.

"అంటుకుంటాయమ్మగారూ! అదే నా పని. అవి మన కాగితం చీటీల్లాంటివి కావు, పొడవాటి దారాలు. వాటి మానాన వాటిని వదిలేస్తే ఒకదానికొకటి పట్టేసుకుని ఉండ కడతాయి. ఉండలో ఇరుక్కున్న చీటీని ఎవరూ చదవలేరు. అలా కాకుండా కొన్ని ప్రోటీన్లు కాపలా ఉంటాయి. దారాల్ని పట్టుకుని, విడదీస్తూ, ఎప్పుడూ నీళ్ళలో కరిగి ఉండేట్టు చూస్తాయి."

ఆవిడ గిన్నెలోకి చూసింది. "తెడ్డు," అంది.

"ఆ, తెడ్డే."

"మరి నువ్వు వాటిని వేడెందుకు చేస్తావు పాపం?"

"వేడి తగిలితే ఏం చేస్తాయో చూద్దామని. మంచి ఎండ తగిలితే కణం తనే చాలా చీటీల్ని ఉండ కట్టనిస్తుంది. వంట ఆపేస్తుంది. చీటీలు చాలావరకు పాడైపోవు, ఆ ఉండలో దాక్కుని ఉంటాయి. ఎండ తగ్గాక ఆ ప్రోటీన్లు వచ్చి మళ్ళీ విడదీస్తాయి. చీటీలు కరిగి పైకొస్తాయి, వంట మళ్ళీ మొదలవుతుంది."

ఈ మాట అంటూండగానే నాకు కల్లం కళ్ళముందు మెదిలింది. మధ్యాహ్నానికి ఆకులు ఎందుకు వేలాడేస్తాయని అమ్మ అడిగిన ప్రశ్నకి సారు పుస్తకాల్లో దొరకని మిగతా సగంలో ఇదొక ముక్క. పదకొండేళ్ళు దీని మీదే పనిచేసి కూడా, బతికున్నన్నాళ్ళూ ఆమెకి చెప్పాలని నాకు తట్టలేదు. సెలవులకి వచ్చినప్పుడల్లా, "ఏం పని చేస్తావే అక్కడ?" అని అడిగేది. "నీకు అర్థం కాదులేమ్మా," అనేదాన్ని. ఎంత మాటన్నాను! ఎవరి దగ్గర చదువుకుని ఎవరితో ఆ మాటన్నాను!

కళ్ళు తుడుచుకుని చూసేసరికి గ్రేసమ్మగారు తిప్పడం ఆపి తెడ్డు వంకే చూస్తోంది.

"నాకొకటి అడగాలని ఉంది," అంది.

"అడగండి."

"జావ ఉండ కడితే తెడ్డుతో కొడతాం. బాగానే ఉంది. ఆ విడదీసే ప్రోటీనుందే, దాన్ని కూడా ఆ చీటీ చదివే వండుతారన్నావుగా. అంటే అదీ ఈ పిండిలాంటిదే. తెడ్డే ఉండ కడితే ఎవరు కొడతారు?"

పెద్ద పెద్ద సభల్లో, మెడలో బ్యాడ్జీలు వేసుకున్నవాళ్ళు, పది స్లైడులు చూశాక గానీ ఆ ప్రశ్నకి రారు. ప్రపంచంలో ఎన్నో ల్యాబులు ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని నడుస్తున్నాయి. ఆమె జావ కాస్తూ నేరుగా దాని దగ్గరికే వచ్చేసింది. దానికి జవాబు ఆమె పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది.

"అది... ఈస్ట్‌లో అంతగా జరగదమ్మగారూ," అన్నాను.

"ఈస్టు కాదమ్మా. మడిసిలో?"

ప్రదీప్ ఏడుపుగొంతు చెవిలో మోగుతోంది. ఈవిడ తట్టుకోలేదన్నాడు. ఏదో ఒకటి అల్లి చెప్పేద్దామని నోరు తెరిచాను. సారు ఎడంచేతి కణుపులతో కుర్చీ చేతి మీద టకటకా కొట్టారు. క్లాసులో అల్లరి ఎక్కువైతే బల్ల మీద కొట్టినట్టే.

"ప్రశ్న... వచ్చింది," అన్నారు. "జవాబు... చెప్పు."

"సార్, ప్రదీప్ నన్ను..."

"డాక్టరు... ఫైలు... చదివా. మొదటి... రోజే." ఊపిరి తీసుకున్నారు. "నిన్ను... పిలిపించింది... అందుకే." భార్య వైపు తల తిప్పారు. ఆయన పెదాలు వణుకుతున్నాయి. "ఎన్ని... సార్లో... చెబుదామని. నోరు... రాలా."

సారు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెకి చెప్పలేకపోయిన పాఠం ఇదొక్కటే. దాన్ని చెప్పడానికి నన్ను ఎంచుకున్నారు. నాకు గర్వపడాలో గోడకేసి తల బాదుకోవాలో తెలియలేదు. ప్రదీప్‌కి ఇచ్చిన మాట అక్కడితో అయిపోయింది.

"జరుగుతుందమ్మగారూ, మనుషుల్లో కూడా," అన్నాను. "మాట పలికించే నరాల్లో, చెయ్యి కదిపే నరాల్లో. కాపలా ఉండాల్సిన ప్రోటీను తన చోటు వదిలిపెట్టి బయటికొచ్చి, అదే ఉండ కట్టేస్తుంది. ఇక చీటీలు సరిగా తయారుకావు, చేరాల్సిన చోటికి చేరవు. నరం ఎండిపోతుంది. నరం ఎండితే కండ కరుగుతుంది. ఎందుకు మొదలవుతుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. మాకూ తెలియదు. కొంచెం నెమ్మది చేసే మందు ఉంది, ఆపే మందు లేదు. సారుకి వచ్చింది ఆ జబ్బే. నేను ఇందాక మీకు అబద్ధం చెప్పాను."

ఆమె స్టవ్ కట్టేసింది. కొంగుతో సారు కళ్ళు తుడిచింది. చాలాసేపు ఆయన మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. నేను ఏడుపు బిగబట్టుకుని కూర్చున్నాను.

"ఎండ తగ్గాక కరుగుతయ్యన్నావే?" అంది నాతో, ఆయన మీద నుంచి చూపు తిప్పకుండానే.

"అది ఈస్ట్‌లో అమ్మగారూ."

"ఈయనకి?"

"కరగవు."

తల ఊపింది. ఏడవలేదు. అరవలేదు. ఇన్నేళ్ళూ చేసినట్టే, విన్నదాన్ని తన మాటల్లో ఆయనకి అప్పజెప్పింది.

"నీ నరాల్లో తెడ్డు ఉండ కట్టిందంట. అందుకని చెయ్యి సన్నబడింది, మాట ముద్దయింది. ఇది బలహీనత కాదు. టానిక్కుకి పోదు. ముందు మాట పోద్ది. ఆనక మింగుడు పడదు. ఆనక ఊపిరి." ఆగింది. "అంతేనా?"

చివరి మూడూ నేను చెప్పలేదు. ఆమే అందుకుంది. సారు తల మెల్లగా కిందికీ పైకీ కదిలింది. మేం సరైన జవాబు చెప్పినప్పుడు క్లాసులో అలాగే ఊపేవారు.

"రెండు నెల్లనుంచి నేనే అనుకుంటన్నా, ఇంత టానిక్కు తాగినా మనిషి ఇట్టా అయిపోతాడేందని. మీ తండ్రీకొడుకులు నన్ను భలే మోసం చేశారు," అంది. నా వైపు తిరిగింది. "మాట ఎన్నాళ్ళుంటది?"

"కచ్చితంగా చెప్పలేం. నెలలు, అంతే."

"నెలలు," అని తనలో తను అనుకుంది.

జావ గ్లాసులో పోసి, నోటితో ఊది, సారుకి నాలుగు చెంచాలు పట్టింది. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. బలవంతాన తాగాను. ఆమె నేను కూర్చున్న స్టూలు తనకి కావాలన్నట్టు చూసింది. నేను లేచాను. దాన్ని లాక్కెళ్ళి ఆయన మోకాళ్ళకి తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చుంది.

"నువ్వు బయల్దేరమ్మా నిరోషా. భోజనం పెట్టకుండా పంపిస్తన్నానని ఏమనుకోమాక. ప్రదీప్‌కి నేనే చెబుతాలే. ఇన్నేళ్ళూ పిల్లల పాఠాలతోనే సరిపోయింది ఈయనకి. మాకు మాట్లాడుకునేది చానా ఉంది."

అరుగు మీద చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి సారు గొంతు వినబడింది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య చాలా ఎడం ఉంది. ఆమె తొందరపెట్టడం లేదు.